లింబారామ్: వెదురు విల్లు నుంచి ఒలింపిక్స్ దాకా

రాజస్థాన్ అనగానే మన పిల్లలకు ఇసుక దిబ్బలు, ఒంటెలు గుర్తొస్తాయి. పాఠ్యపుస్తకాల్లో ఉండే బొమ్మ అదే. కానీ ఆ రాష్ట్రం దక్షిణపు కొసకు, ఉదయపూర్, డూంగర్‌పూర్, బాంస్‌వాడా వైపుకు పోతే ఇసుక ఉండదు. ఆరావళి కొండలు, వెదురు పొదలు, ఇప్పచెట్లు, రాళ్ళ మధ్య చిన్నచిన్న మొక్కజొన్న చేలు కనిపిస్తాయి. అది భిల్లుల నేల. మన ఏజెన్సీ నుంచి వెళ్ళినవాళ్ళకు కొత్తగా అనిపించదు. ఉదయపూర్ జిల్లా ఝాడోల్ తాలూకాలో శరదీత్ అనే ఊళ్ళో 1972 జనవరి 30న లింబారామ్ పుట్టాడు. భిల్లుల్లో అహారి కుటుంబం వాళ్ళది.

ఆ పుట్టిన సంవత్సరాన్ని కాస్త గమనించండి. అదే 1972లో, కొన్ని నెలల తరువాత, దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. తాతముత్తాతల నాటి నుంచి విల్లు పట్టి అడవిలో కూర సంపాదించుకున్న పని ఆ చట్టంతో నేరమైంది. చట్టం అవసరం లేదని అనడం లేదు. పులులనూ జింకలనూ లెక్కలేకుండా కాల్చి చంపింది తుపాకులు పట్టిన రాజులూ దొరలూ షికారీలూ. శిక్ష మాత్రం విల్లంబులు పట్టినవాడికీ పడింది. లింబారామ్ చిన్నప్పుడు ఇంట్లో తిండికి కరువు. పిచ్చుకలనూ కౌజులనూ చిన్నచిన్న అడవి జంతువులనూ కొట్టుకొస్తేనే ఆ పూట గడిచేది. చేతిలో ఉన్నది వెదురు విల్లు, రెల్లు బాణం. అతని మొదటి శిక్షణ అదే, ఆకలి ఇచ్చిన శిక్షణ. ఇప్పుడు దాన్ని అందంగా వర్ణించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, పిచ్చుకను కొట్టి తినాల్సి రావడంలో అందమేమీ లేదు.

భిల్లులకూ విల్లుకూ ఉన్న బంధం పాతది. ‘భిల్’ అన్న పేరే మన ద్రావిడ భాషల్లోని ‘విల్’, ‘విల్లు’ నుంచి వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. అదే నిజమైతే ఆ జాతి పేరులో మన మాట ఒకటి దాగి ఉన్నట్టే. ఉదయపూర్ రాజుల రాజచిహ్నంలో ఒక పక్క రాజపుత్రుడు, మరో పక్క విల్లు పట్టిన భిల్లు నిలబడి ఉంటారు. చిహ్నంలో సమానంగా నిలబెట్టారు సరే, పొలంలో, కచేరీలో, పన్నుల దగ్గర ఆ సమానత్వం ఎప్పుడూ కనిపించలేదు. ఇంగ్లీషువాళ్ళు వచ్చాక 1841లో ఖేర్వాడా కేంద్రంగా మేవాడ్ భిల్ కోర్ అనే పటాలాన్ని పెట్టి, భిల్లుల చేతనే భిల్లులను అదుపు చేయించారు. 1913 నవంబరులో గోవింద్ గురు వెంట మాన్‌గఢ్ కొండ మీద గుమికూడిన భిల్లులపై కాల్పులు జరిపి వందలాది మందిని చంపారు. 1922లో మన మన్యంలో అల్లూరి దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు పడి తుపాకులు ఎత్తుకుపోయింది ఎందుకో దీన్ని బట్టి తెలుస్తుంది. విల్లు ఎంత గొప్పదైనా తుపాకీ ముందు ఎంతవరకు నిలుస్తుందో ఆదివాసీలకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అలాంటి విల్లు 1980ల్లో హఠాత్తుగా ప్రభుత్వానికి కావలసి వచ్చింది. దానికి కారణం ఒలింపిక్స్. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగాయి. దాని తరువాత 1984లో భారత క్రీడా ప్రాధికార సంస్థ, అంటే సాయ్, ఏర్పడింది. ఎక్కడెక్కడ ఏ పని పుట్టినప్పటి నుంచీ చేతిలో ఉందో అక్కడికే వెళ్ళి ఆటగాళ్ళను ఏరాలన్న ఆలోచనతో సాయ్ ‘స్పెషల్ ఏరియా గేమ్స్’ అనే పథకం పెట్టింది. దాని వెనుక ఉన్నవారిలో ముఖ్యులు బి.వి.పి. రావు అనే ఐ.ఏ.ఎస్. అధికారి, తెలుగువాడు. కొండల్లో విలుకాళ్ళను, గుజరాత్‌లో స్థిరపడ్డ ఆఫ్రికా మూలాల సిద్దీల్లో పరుగు వీరులను, ఈశాన్య రాష్ట్రాల్లో ఇంకొన్ని ఆటలకు పిల్లలను వెతికారు. అప్పటిదాకా సెలెక్షన్ అంటే పట్నంలో స్టేడియానికి వచ్చినవాళ్ళలోంచి ఎంచుకోవడమే. ఎంచేవాళ్ళే ఊరికి రావడం అప్పుడే మొదలైంది.

1987లో శరదీత్‌కు దగ్గర్లోని మకరాదేవ్ గ్రామంలో మంచి విలుకాళ్ళ కోసం పోటీ పెడుతున్నారని లింబారామ్ మేనమామో బాబాయో, దగ్గర బంధువు ఒకాయన కబురు తెచ్చాడు. పదిహేనేళ్ళ కుర్రాడు వెళ్ళాడు. ఎంపికైనవాళ్ళు నలుగురు. వాళ్ళలో లింబారామ్ ఒకడు, శ్యామ్‌లాల్ ఇంకొకడు. నలుగురినీ నాలుగు నెలల శిక్షణకు ఢిల్లీ తీసుకుపోయారు. అక్కడ కోచ్ ఆర్.ఎస్. సోధీ.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పుకోవలసిన విషయం ఉంది. ‘ఆదివాసీకి విలువిద్య రక్తంలోనే ఉంటుంది’ అని అందరూ అనేస్తారు. మెచ్చుకోలుగానే అంటారు. బడిలో మన టీచర్లు కూడా కొందరు అదే చెబుతారు. కానీ వెదురు విల్లుకూ ఒలింపిక్ విల్లుకూ ఉన్న తేడా చూస్తే ఆ మాట ఎంత తేలికైనదో అర్థమవుతుంది. అడవిలో దూరం ఎవరూ కొలిచి చెప్పరు. ఎర కదులుతూ ఉంటుంది. విలుకాడు కన్ను మూయడు, గురి చూసే పరికరం లేదు, నారి లాగి నిలిపి ఉంచడు. లాగడం, వదలడం ఒక్క ఊపులో అయిపోవాలి. ఒక్క బాణమే తగలాలి. తగలకపోతే రెండోదానికి ఎర ఉండదు. పోటీలో అంతా తిరగబడుతుంది. గురి కదలదు, దూరం మీటర్లలో ముందే చెబుతారు. విల్లుకు గురిచూసే సైట్ ఉంటుంది, ఊగకుండా పొడవాటి కడ్డీలు ఉంటాయి. బాణాన్ని సరిగ్గా ఒకే పొడవు లాగినప్పుడు ‘టక్’మని చప్పుడు చేసే క్లిక్కర్ అనే సన్నని రేకు ఉంటుంది. ఆ చప్పుడు విన్నాకే వదలాలి. అప్పటిదాకా గడ్డం కింద నారి ఆనించి, ఊపిరి బిగబట్టి, చెయ్యి వణకకుండా నిలబడాలి. అప్పట్లో అంతర్జాతీయ పోటీలో మగవాళ్ళు 90, 70, 50, 30 మీటర్ల నుంచి ఒక్కో దూరానికి 36 చొప్పున మొత్తం 144 బాణాలు వెయ్యాలి. వేటగాడి నైపుణ్యం ఒక్క బాణంలో తేలిపోతుంది. పోటీలో మొదటి బాణం ఎలా వేశాడో నూట నలభై నాలుగోదీ అలాగే వెయ్యాలి.

అంటే లింబారామ్ తనకు వచ్చిన విద్యలో సగం మరిచిపోయి కొత్త విద్య నేర్చుకోవలసి వచ్చింది. ఒంటి బలం, కంటి చూపు, ఓపిక, గురి కుదిరినప్పుడు తెలిసిపోయే ఆ లోపలి పసి అడవి నుంచి వచ్చాయి. మిగతాది రోజుకు వందల బాణాలు వేసి, మూడు పూటలా తిని, ఒకరి ఎదుట నిలబడి తప్పులు దిద్దించుకుంటేనే వచ్చింది. మన తెలుగు నేల మీదే చూడండి. జ్యోతి సురేఖ, ధీరజ్ బొమ్మదేవర ఇద్దరూ విజయవాడ పిల్లలు. అడవిలో పుట్టలేదు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సురేఖ మూడు బంగారు పతకాలు తెచ్చింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకిత భకత్‌తో కలిసి ధీరజ్ మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్ళాడు. వాళ్ళ వెనుక ఉన్నది చిన్నప్పటి నుంచీ దొరికిన మైదానం, విల్లు, గురువు. ‘రక్తంలో ఉంది’ అనేసి చేతులు దులుపుకుంటే మన పిల్లలకు ఆ మూడూ ఇవ్వాల్సిన పని తప్పిపోతుంది. ఆ పొగడ్త మీద నాకున్న అనుమానం ఇదే.

లింబారామ్ ఎంత వేగంగా ఎదిగాడో తేదీలు చూస్తే నమ్మబుద్ధి కాదు. 1987లోనే బెంగళూరులో జూనియర్ జాతీయ ఛాంపియన్. 1988లో సీనియర్ జాతీయ ఛాంపియన్. అదే ఏడాది సియోల్ ఒలింపిక్స్. వెదురు విల్లు దించి ఏడాదిన్నర కూడా కాని కుర్రాడు, పదహారేళ్ళవాడు, కొరియాలో ప్రపంచంలోని మేటి విలుకాళ్ళ పక్కన నిలబడ్డాడు. ఒలింపిక్ విలువిద్యలో భారత జట్టు పాల్గొనడం అదే మొదలు. ముగ్గురు వెళ్ళారు: లింబారామ్, శ్యామ్‌లాల్, సంజీవ సింగ్. అంటే మకరాదేవ్ పోటీలో ఏరిన నలుగురిలో ఇద్దరు ఏడాది తిరిగేసరికి ఒలింపిక్ ఆటగాళ్ళయ్యారు. పతకాలు రాలేదు. వస్తాయని ఆశించడం కూడా న్యాయం కాదు.

1989లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళాడు. అదే ఏడాది ఆసియా కప్‌లో వ్యక్తిగతంగా రెండో స్థానం, జట్టుకు బంగారం. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1991లో అర్జున అవార్డు. శ్యామ్‌లాల్‌కు అంతకు ముందే, 1989లో, ఇచ్చారు.

ఈ అవార్డు పేరు దగ్గర ఆదివాసీ పాఠకుడు ఆగకుండా ఉండలేడు. మహాభారతంలో ఏకలవ్యుడు నిషాద రాజు హిరణ్యధన్వుడి కొడుకు. ద్రోణుడు విద్య చెప్పనన్నాడు. మట్టి బొమ్మను గురువనుకుని సొంతంగా నేర్చుకుంటే, అర్జునుడిని మించకూడదని బొటనవేలు అడిగి తీసుకున్నాడు. నన్నయ ఆదిపర్వంలోనూ ఈ కథ ఉంది, మన పిల్లలకు తెలిసిందే. భిల్లులు ఏకలవ్యుడు తమవాడే అంటారు. ఆ జ్ఞాపకంతోనే బొటనవేలు తగలకుండా చూపుడువేలు, నడిమివేలు మధ్య బాణం పట్టి లాగుతామని చెప్పుకుంటారు. (ఒలింపిక్ విల్లును కూడా బొటనవేలు వాడకుండా మూడు వేళ్ళతోనే లాగుతారు. కాబట్టి ద్రోణుడి లెక్క అక్కడ పనికిరాదు.) స్వతంత్ర భారతంలో మంచి ఆటగాడికిచ్చే బహుమతి అర్జునుడి పేరు మీద, మంచి గురువుకిచ్చే బహుమతి ద్రోణాచార్యుడి పేరు మీద పెట్టారు. ఏకలవ్యుడి వారసులమనుకునే జాతి కుర్రాడు వెళ్ళి అర్జునుడి బొమ్మను అందుకున్నాడు. మన పిల్లలు చదివే గురుకులాలకు మాత్రం ఏకలవ్యుడి పేరు పెట్టారు. దీని మీద తరగతిలో పిల్లలనే మాట్లాడనిస్తే టీచర్లకు మంచి పాఠం దొరుకుతుంది.

1992 లింబారామ్ జీవితంలో పెద్ద సంవత్సరం. బీజింగ్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ జరిగింది. 30 మీటర్ల దూరం నుంచి 36 బాణాలకు 360కి 358 కొట్టి బంగారం గెలిచాడు. జపాన్ విలుకాడు తకయోషి మత్సుషిత పేరు మీద ఉన్న ప్రపంచ రికార్డుతో అది సమానం. లెక్క వేసి చూడండి. మామూలుగా చూస్తే 34 బాణాలు పదిలో, రెండే తొమ్మిదిలో. ఆ దూరానికి వాడే గురిపలక 80 సెంటీమీటర్లది. పది పాయింట్ల వలయం అడ్డుకొలత 8 సెంటీమీటర్లు, అంటే చిన్న సీతాఫలం అంత. ముప్ఫై మీటర్లంటే మన బడి ఆవరణలో ఈ చివర నుంచి ఆ చివరకు. మధ్యాహ్నం విరామంలో పిల్లలతో కొలిపించి, ఒక కాగితం మీద ఆ వలయం గీసి గోడకు అంటిస్తే, అక్కడ నిలబడి చూసినప్పుడు 358 అంటే ఏమిటో పుస్తకం లేకుండానే తెలుస్తుంది.

ఆ ఏడాదే బార్సిలోనా ఒలింపిక్స్. ప్రారంభోత్సవంలో స్పెయిన్ విలుకాడు ఆంటోనియో రెబోయో నిప్పు బాణంతో ఒలింపిక్ జ్యోతిని వెలిగించిన దృశ్యం ప్రపంచమంతా చూసింది. రెబోయో పోలియో వచ్చిన మనిషి, పారాలింపిక్ ఆటగాడు. ఆ పోటీల్లో లింబారామ్‌తో పాటు మిజోరం నుంచి లాల్‌రేమ్‌సాంగా ఛాంగ్తే, రాజస్థాన్ నుంచే ధూల్‌చంద్ దామోర్ భారత జట్టులో ఉన్నారు. ముగ్గురూ గిరిజన ప్రాంతాల వాళ్ళే.

లింబారామ్ బార్సిలోనాలో 70 మీటర్ల పోటీలో ఒక్క పాయింటు తేడాతో కంచు పతకం పోగొట్టుకున్నాడని చాలాచోట్ల రాసి ఉంటుంది. మన పిల్లల వ్యాసరచనల్లోకి, క్విజ్‌ల్లోకి కూడా అది వచ్చేసింది. అది నిలబడే మాట కాదు. ఒలింపిక్స్‌లో దూరానికొక పతకం ఉండదు. వ్యక్తిగత పోటీ ఒక్కటే. 1992లో మొదట నాలుగు దూరాల నుంచి బాణాలు వేయించి వరస తేల్చారు. ఆ తరువాత 70 మీటర్ల మీద ఇద్దరిద్దరికి ముఖాముఖి, ఓడినవాడు ఇంటికి. ఫ్రాన్స్‌కు చెందిన సెబాస్తియాన్ ఫ్లూత్ బంగారం, కొరియా ఆటగాడు చుంగ్ జే హున్ వెండి, బ్రిటన్‌కు చెందిన సైమన్ టెర్రీ కంచు గెలిచారు. కంచు కోసం టెర్రీతో తలపడింది నార్వే ఆటగాడు గ్రోవ్. లింబారామ్ ఆ దాకా రాలేదు. ఇది చెప్పినంత మాత్రాన అతని గొప్పతనం తగ్గిపోదు. అతనికి ప్రపంచ రికార్డు ఉంది, మూడు ఒలింపిక్స్ ఉన్నాయి. లేని ‘ఒక్క పాయింటు’ అరువు తెచ్చిపెట్టాల్సిన పని లేదు. మన వీరుల చరిత్రలు మనం రాసుకునేటప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం. ఒక్క తప్పు దొరికితే మిగతా నిజాలన్నీ కట్టుకథలే అనేవాళ్ళు కాచుకుని కూర్చుంటారు.

అతనికి జరిగిన నిజమైన నష్టం గురించి ఎవరూ పెద్దగా రాయరు. అది నిబంధనల్లో ఉంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కల్లా నాలుగు దూరాల పద్ధతి తీసేశారు. వరస తేల్చే 72 బాణాలూ, ముఖాముఖి పోటీలూ అన్నీ 70 మీటర్ల నుంచే. టీవీలో చూసేవాడికి తేలిగ్గా అర్థం కావాలని, పోటీ ఉత్కంఠగా ఉండాలని ఈ మార్పు చేశారు. ఆటకు మంచిదే అయింది. కానీ ప్రపంచంలో ఎవరికీ తీసిపోని 30 మీటర్ల దూరం లింబారామ్‌కు ఒలింపిక్స్‌లో ఇక లేకుండా పోయింది. అడవిలో పొద చాటు నుంచి కౌజును కొట్టే దూరం దాదాపు అదే కదా.

1995లో ఢిల్లీలో జరిగిన కామన్వెల్త్ ఛాంపియన్‌షిప్‌లో వ్యక్తిగత వెండి, జట్టు బంగారం వచ్చాయి. అట్లాంటాకు లద్దాఖ్ విలుకాడు స్కల్జంగ్ దోర్జే, లాల్‌రేమ్‌సాంగాలతో కలిసి వెళ్ళాడు. వరసగా మూడో ఒలింపిక్స్. అప్పటికి వయసు ఇరవై నాలుగే. కానీ ఆ రోజుల్లోనే భుజం గాయం మొదలైంది. విలుకాడికి భుజం పోతే రైతుకు ఎడ్లు పోయినట్టే. ఆ తరువాత పాత లింబారామ్ తిరిగి రాలేదు.

స్పెషల్ ఏరియా గేమ్స్ పథకం కథ కూడా ఇందులో భాగమే. సిద్దీ పిల్లల కోసం 1987లో మొదలుపెట్టిన పరుగు శిక్షణ 1993లో ఆగిపోయింది. హాస్టళ్ళకు వచ్చిన పిల్లలు తిరిగి ఊళ్ళకు పోయి కూలి పనుల్లో కలిసిపోయారు. విలువిద్య కొంత నిలబడింది. తరువాత జార్ఖండ్ నుంచి, ముఖ్యంగా సింగ్‌భూమ్ నుంచి, హో, సంథాల్ పిల్లలు వచ్చారు. మంగళ్ సింగ్ చాంపియా 2008లో బీజింగ్‌కు, లక్ష్మీరాణి మాఝీ 2016లో రియోకు వెళ్ళారు. వాళ్ళకు దారి వేసింది 1987 నాటి నలుగురు కుర్రాళ్ళే. మన తెలుగు ఏజెన్సీలో కోయ, కొండరెడ్డి, చెంచు గూడేల్లో విల్లంబులు ఇప్పటికీ ఇంటి చూరులో కనిపిస్తాయి. అలాంటి ఎంపిక బృందం మన దగ్గరికి వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడమే మిగిలింది.

2009 నుంచి 2012 దాకా లింబారామ్ జాతీయ జట్టుకు కోచ్‌గా ఉన్నాడు. ఆటగాడిగా దక్కనిది కోచ్‌గా కొంత దక్కింది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో దీపికా కుమారి, రాహుల్ బెనర్జీ వ్యక్తిగత బంగారాలు తెచ్చారు. దీపిక, డోలా బెనర్జీ, బొంబేలా దేవి కలిసి జట్టు బంగారం గెలిచారు. 2011లో టురిన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మహిళల జట్టుకు వెండి వచ్చింది. 2012లో దీపిక ప్రపంచ ర్యాంకింగ్‌లో ఒకటో స్థానానికి చేరింది. అదే ఏడాది ప్రభుత్వం లింబారామ్‌కు పద్మశ్రీ ఇచ్చింది. లండన్ ఒలింపిక్స్‌లో మాత్రం విలువిద్యలో పతకం రాలేదు. ఆ తరువాత అతని పేరు పత్రికల్లో తగ్గిపోయింది.

మళ్ళీ కనిపించింది 2019లో, క్రీడల పేజీలో ఒక జబ్బు వార్తగా. మెదడులో నరాలు క్షీణించిపోయే వ్యాధి. నడక తడబడింది, మాట ముద్దయింది, చేతులు అదుపు తప్పాయి. క్లిక్కర్ చప్పుడు వినేదాకా వణకకుండా నిలిపి, 36 బాణాలకు 358 కొట్టిన చేతులు అవి. వైద్యం కోసం ఢిల్లీలోనే ఉండాల్సి వచ్చింది. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలోని హాస్టల్‌లో ఒక గది ఇచ్చారు. భార్య దగ్గరుండి చూసుకుంది. వార్త బయటికి వచ్చాక క్రీడాశాఖ వైద్యానికి డబ్బు మంజూరు చేసింది. పదిహేనేళ్ళ వయసులో నాలుగు నెలల శిక్షణ కోసమని ఊరు విడిచి ఏ ఢిల్లీకి వచ్చాడో, నలభై ఏడేళ్ళ వయసులో ఆ ఢిల్లీలోనే, ఆటగాళ్ళ హాస్టల్‌లోనే, భార్య చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వేయడం నేర్చుకుంటూ ఉన్నాడు.